ముందుగా ప్రేరణ కోసం ఎదురుచూడవలసిన అవసరం ఉందా? సృజన, అభ్యాసం, యువతతో స్వచ్ఛంద సేవ గురించి ఒక సమాధానం

మీ ప్రశ్న సారాంశం ఇది. ఉద్యోగం ముగిశాక బొమ్మలు గీయాలని, ఒక కొత్త భాష నేర్చుకోవాలని పలుమార్లు మొదలుపెట్టారు. కొద్ది వారాలకే ఆసక్తి సన్నగిల్లి వదిలేశారు. వారానికి ఒక పూట పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లల బృందంతో స్వచ్ఛందంగా పనిచేస్తున్నారు గాని, తొలినాళ్ల ఉత్సాహం ఇప్పుడు లేదు, ఇంటికి చేరేసరికి అలసట మాత్రమే మిగులుతోంది. ప్రతిరోజూ ప్రేరణ పొందే మార్గం ఏదైనా ఉందా అని అడిగారు. యువబృందాలతో చాలా ఏళ్లుగా పనిచేస్తూ, అలాంటి సేవకు కొత్తగా వచ్చేవారికి శిక్షణ ఇస్తూ వస్తున్నాను కాబట్టి, తెలిసినంతలో వివరంగా చెబుతాను.

మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించినది ఒకటి ఉంది. బొమ్మలు, భాష, పిల్లలు అనే మూడింటినీ మీరు మూడు వేర్వేరు బాధ్యతలుగా మోస్తున్నారు; ప్రతిదానికీ ముందుగా కొంత ఉత్సాహాన్ని ఎక్కడి నుంచో సమకూర్చుకోవాలని ప్రయత్నిస్తున్నారు. నేను గమనించినంతవరకు ఉత్సాహం పనికి ముందు రావడం అరుదు. చేస్తున్న పని కొంచెం ముందుకు జరిగిందని మనకు స్పష్టంగా తెలిసినప్పుడు అది కలుగుతుంది, ఆ కొంచెం మర్నాటి పనికి సరిపోతుంది. కాబట్టి మీరు వెతకవలసినది, ఆ ముందడుగు మీ కంటికి ఆనే విధంగా పనిని ఎలా అమర్చుకోవాలన్నది.

ఈ మాటకు నా అనుభవం ఒక్కటే ఆధారం కాదు. తెరెసా అమాబిలే, స్టీవెన్ క్రేమర్ అనే పరిశోధకులు 7 సంస్థల్లో సృజనాత్మకత అవసరమైన పనులు చేసే 238 మంది చేత రోజూ డైరీ రాయించి, సుమారు 12,000 రోజుల రాతలను పరిశీలించి, 2011లో తమ ఫలితాలను పుస్తకంగా వెలువరించారు. ఆ ఉద్యోగులు సంతోషంగా, పట్టుదలగా పనిచేసిన రోజుల్లో మిగతా అన్ని కారణాల కంటే ఎక్కువగా కనిపించినది, తాము విలువైనదిగా భావించే పనిలో ఆ రోజు ఒక ముందడుగు పడటం. ఆ అడుగు చాలా చిన్నదైనా ఫలితం ఉంది. ఇది జీతం తీసుకునే ఉద్యోగుల మీద జరిగిన అధ్యయనం గనుక స్వచ్ఛంద సేవకు ఉన్నదున్నట్టుగా వర్తింపజేయకూడదు. అయినా ఏళ్ల తరబడి నిలిచిన స్వచ్ఛంద కార్యకర్తలందరిలోనూ నేను ఒకే అలవాటు చూశాను: వారు చిన్న మార్పును పట్టుకోగలరు, దాన్ని మరచిపోకుండా ఎక్కడో రాసుకుంటారు.

అందువల్ల మీరు మొదట చేయవలసిన పని ఒక నోటుపుస్తకం పెట్టుకోవడం. రోజూ రెండు మూడు వాక్యాలు చాలు, అయితే అవి ఖచ్చితంగా ఉండాలి. “ఈ రోజు పిల్లలతో బాగానే గడిచింది” అని రాస్తే వారం తర్వాత అది మీకేమీ చెప్పదు. “ఇంతవరకు ఒక్క మాటా మాట్లాడని అమ్మాయి ఈ రోజు కత్తెర తీసుకుని, పక్కన కూర్చున్న అబ్బాయికి కాగితం ఎటు మడవాలో చూపించింది” అని రాస్తే, నెల తర్వాత చదివినా మీకు తెలిసేది ఉంటుంది. బొమ్మల విషయంలో “చెయ్యి సరిగా రాలేదు” అని కాకుండా “బొటనవేలు మొదలయ్యే చోటు మణికట్టుకు మరీ దూరంగా వేశాను” అని రాయండి. ఆ వాక్యంలోనే రేపటి పని ఉంటుంది. పిల్లల గురించి రాసేటప్పుడు మాత్రం పేర్లు, ఇంటి విషయాలు, వారిని గుర్తుపట్టగల వివరాలు రాయకండి. ఆ పుస్తకం ఎవరి చేతిలో పడినా వారికి ఇబ్బంది కలగకూడదు.

ఇక సృజన విషయానికి వస్తాను. ఖాళీ సమయం దొరికిన రోజున పెద్ద బొమ్మ మొదలుపెట్టడం, అది అనుకున్నట్టు రాకపోతే వదిలేయడం అనే వరుసలో చాలామంది చిక్కుకుంటారు. దీనికి నేను సూచించేది పరిధిని కుదించడం. ఒక నెలపాటు అరచేతి పరిమాణంలోని కాగితం, ఒకే కలం, ఒకే వస్తువు తీసుకోండి. ఉదాహరణకు మీ ఎడమచేతి భంగిమలు. ఏం గీయాలి, దేనితో గీయాలి అన్న నిర్ణయాలు ముందే అయిపోతాయి కనుక, కూర్చున్న పదిహేను నిమిషాలూ చూడటానికి, గీయటానికి మిగులుతాయి. నెల చివర ఆ కాగితాలన్నీ నేలమీద పరిస్తే, మొదటివాటికీ చివరివాటికీ ఉన్న తేడా ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. మరొక మాట: బాగా సాగుతున్నప్పుడే, తర్వాత ఏం చేయాలో తెలిసి ఉండగానే ఆపండి. పూర్తిగా అలసిపోయేవరకు పనిచేసి ఆపితే, మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆ రోజు గడిచిపోతుంది.

ఏమీ తోచని రోజులు కూడా ఈ పనిలో భాగమే. గ్రాహమ్ వాలస్ అనే ఆంగ్ల రచయిత 1926లో సృజన ప్రక్రియను నాలుగు దశలుగా వివరించాడు: విషయాన్ని శ్రద్ధగా సేకరించి ఆలోచించే సన్నాహం, దాన్ని పక్కన పెట్టినా మనసు లోలోపల పనిచేసే కాలం, ఆలోచన తటాలున స్ఫురించే క్షణం, స్ఫురించినదాన్ని పరీక్షించి సరిదిద్దే పని. చాలామంది మూడో దశను మాత్రమే ప్రేరణ అంటారు, దాని కోసమే ఎదురుచూస్తారు. మొదటి దశలో శ్రమించనివారికి అది రావడం కష్టం. రెండో దశలో ఉన్నప్పుడు లేచి కాసేపు నడవడం మంచిది. 2014లో మారిలీ ఒపెజో, డేనియల్ ష్వార్ట్జ్ ప్రచురించిన ప్రయోగాల్లో, కూర్చున్నప్పటి కంటే నడుస్తున్నప్పుడు ఎక్కువమందికి కొత్త ఆలోచనలు ఎక్కువగా తట్టాయి. గదిలో ఖాళీ గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా ఆ మేలు కనిపించింది. ఒకే సరైన జవాబు కనుక్కోవలసిన సమస్యలకు మాత్రం నడక అలా సాయపడలేదు. అందుకని ఆలోచనలు కావాలంటే నడవండి, లెక్క తేల్చాలంటే కూర్చోండి.

భాష నేర్చుకోవడం గురించి కొద్దిగానే చెబుతాను, ఎందుకంటే అక్కడ సమస్య చాలావరకు పద్ధతిలో ఉంటుంది. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివితే వచ్చేసినట్టు అనిపిస్తుంది, వారం తర్వాత చూస్తే పోయి ఉంటుంది, దానితో ఆసక్తి కూడా పోతుంది. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ జరిపిన ప్రయోగాల్లో, ఒక పాఠ్యభాగాన్ని తిరిగి చదివిన విద్యార్థులు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు; వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, చదివినదాన్ని చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారు స్పష్టంగా ముందున్నారు. కాబట్టి పుస్తకం మూసి, గుర్తున్నది రాసి, ఆ తర్వాత తెరిచి సరిచూసుకోండి. మధ్యలో రోజులు విడిచి మళ్లీ అదే చేయండి. ఎవరికైనా చెప్పబోతున్నామన్న ఉద్దేశంతో చదివితే మరింత మేలు. బోధించవలసి ఉంటుందని నమ్మి చదివినవారు, పరీక్ష కోసం చదివినవారి కంటే విషయాన్ని ఎక్కువగా, మరింత క్రమంగా గుర్తుంచుకున్నారని 2014లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. నిజానికి వారెవరికీ బోధించే అవసరం రానేలేదు.

మీకైతే నిజంగానే చెప్పడానికి ఒక బృందం ఉంది. నా సమాధానంలో అసలు భాగం ఇక్కడ మొదలవుతుంది. మీరు ఇంట్లో తంటాలు పడుతున్న ఆ బొమ్మలను, ఆ భాషను బృందంలోకి తీసుకువెళ్లండి. గురువుగా వద్దు, వారి పక్కన కూర్చుని నేర్చుకునే మనిషిగా వెళ్లండి. కౌమారంలో ఉన్న పిల్లలకు పెద్దలు సాధారణంగా తమకు బాగా వచ్చిన పనులను మాత్రమే చేసి చూపుతారు. రాని పనితో కుస్తీ పడే పెద్దమనిషిని వారు దగ్గరగా చూసే అవకాశం చాలా తక్కువ. తప్పు గీసి, చెరిపి, మళ్లీ గీసి, విసుగును అణచుకుని కొనసాగించే తీరును మాటల్లో బోధించలేం. పక్కన కూర్చుని చేస్తుంటే వారు చూస్తారు. పైగా వారిలో ఎవరో ఒకరు మీకంటే బాగా గీస్తారు, ఎవరో ఒకరికి ఉచ్చారణ మీకంటే చక్కగా వస్తుంది. వారి దగ్గర మీరు నిజంగా నేర్చుకోవచ్చు. తన సాయం ఒక పెద్దమనిషికి నిజంగా ఉపయోగపడిందని తెలిసిన పిల్లవాడి ముఖం ఎలా ఉంటుందో చూసినవారికి, ఈ సూచనకు నేను ఇంత ప్రాముఖ్యం ఎందుకిస్తున్నానో అర్థమవుతుంది.

మీ అలసటకు ఒక కారణాన్ని కూడా నేను ఇక్కడే ఊహిస్తున్నాను. మీరు వారానికి ఒకసారి ఒక కార్యక్రమాన్ని సిద్ధం చేసి, వారి ముందు నిర్వహించి, వారు ఉత్సాహపడితే సంతోషించి, నిర్లిప్తంగా ఉంటే కుంగిపోయి ఇంటికి వస్తున్నట్టుంది. అలా చేస్తే పని మొత్తం మీ భుజాల మీదే పడుతుంది, ఫలితం వారి ముఖకవళికల మీద ఆధారపడుతుంది. పదిహేనేళ్ల మనిషి ముఖం అతని మనసును అంత నమ్మకంగా చూపదు. ఆ రోజు ఆవలించినవాడే రెండు నెలల తర్వాత మీరు చెప్పినదాన్ని వివరంగా గుర్తుచేయడం నేను చూశాను.

దీనికి మార్గం, నిర్ణయాలలో వారికి నిజమైన వాటా ఇవ్వడం. రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యునిసెఫ్ కోసం రాసిన వ్యాసంలో, పిల్లల భాగస్వామ్యాన్ని 8 మెట్ల నిచ్చెనగా వివరించాడు. కింది మూడు మెట్లు, అంటే పిల్లలను పెద్దల ప్రయోజనానికి వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకు మాత్రమే చోటివ్వడం, ఇవి అసలు భాగస్వామ్యమే కావని అతను స్పష్టంగా చెప్పాడు. పిల్లలు మొదలుపెట్టిన పనిలో పెద్దలతో కలిసి నిర్ణయాలు తీసుకోవడం పై మెట్టు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం కూడా, తమకు సంబంధించిన విషయాలపై అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందని, వయసుకు, పరిణతికి తగినట్టు ఆ అభిప్రాయానికి విలువ ఇవ్వాలని అంటుంది. ప్రతి పనీ పై మెట్టు మీదే జరగనక్కరలేదు. కింది మూడింటిలోకి జారకుండా చూసుకుంటే చాలు.

ఆచరణలో ఇది ఎలా ఉంటుందో ఒక గోడపత్రికను తీసుకుని చెబుతాను. అంశం మీరు నిర్ణయించి, శీర్షికలు మీరు రాసి, రంగులు నింపే పని మాత్రం వారికి ఇస్తే, పత్రిక చూడచక్కగా వస్తుంది, పిల్లలు మాత్రం రెండో సంచికకు రారు. అంశాన్ని వారే ఎంచుకుంటే మొదటి సమావేశమంతా వాదనతోనే గడిచిపోవచ్చు. ఆ వాదన వృథా అనుకోకండి, వారు నేర్చుకుంటున్నది చాలావరకు అదే. అక్షరాలు వంకరగా వస్తాయి, ఒక పేజీలో మూలన ఖాళీ మిగిలిపోతుంది, దాన్ని సరిచేయాలని మీ చెయ్యి ఆరాటపడుతుంది, దయచేసి ముట్టుకోకండి. వాస్తవ దోషం ఉంటే, ఎవరినైనా నొప్పించే మాట ఉంటే కలగజేసుకోండి. మిగతాది వారిదే. పత్రిక ఎవరు చదవాలో కూడా వారినే అడగండి, ఎందుకంటే నిజమైన పాఠకులు ఉన్నారని తెలిస్తే, మీరు చెప్పవలసిన అవసరం లేకుండానే వాక్యాలు దిద్దుకోవడం మొదలవుతుంది.

బహుమతుల గురించి ఒక హెచ్చరిక చేయాలి, ఎందుకంటే ఉత్సాహం తగ్గిందనిపించగానే చాలామంది ముందుగా వాటినే ఆశ్రయిస్తారు. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే పరిశోధకులు, బొమ్మలు గీయడం అప్పటికే ఇష్టమైన చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని కొందరికి ముందే చెప్పారు, కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత ఆటల వేళలో చూస్తే, ముందే మాటిచ్చిన గుంపులోని పిల్లలు మిగతావారితో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మలు గీశారు. ఇష్టంతో చేసే పనికి ముందే బేరం కుదిరితే ఇష్టం తగ్గవచ్చని దీని సారం. ముందే చెప్పకుండా చివర్లో ప్రశంసాపత్రం ఇచ్చిన గుంపులో ఆ తగ్గుదల కనిపించలేదు. మెచ్చుకోలు విషయంలోనూ జాగ్రత్త అవసరం. “నువ్వు చాలా తెలివైనవాడివి” అనడం కంటే “ఆ ముగింపును మూడుసార్లు మార్చి రాశావు, ఇప్పుడది నిలబడింది” అనడం మేలు. 1998లో క్లాడియా ముల్లర్, క్యారల్ డ్వెక్ చేసిన ప్రయోగాల్లో, తెలివికి పొగడ్త అందుకున్న పిల్లలు ఆ తర్వాత కష్టమైన సమస్యలు ఎదురైనప్పుడు, శ్రమకు మెచ్చుకోలు పొందిన పిల్లల కంటే త్వరగా పట్టు సడలించారు. నేను దీనికి మరొకటి చేరుస్తాను: పొగడ్త కంటే కుతూహలంతో అడిగిన ప్రశ్న ఎక్కువ పనిచేస్తుంది. “ఈ రంగు ఎందుకు ఎంచుకున్నావు?” అని అడిగి, జవాబు పూర్తయ్యేవరకు ఆగి వినండి.

అన్నిటికంటే ముఖ్యమైనది క్రమం తప్పకపోవడం. పదేళ్ల నుంచి పదహారేళ్ల వయసు పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కో పెద్ద స్నేహితుడిని జతచేసే కార్యక్రమం మీద జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడాది, అంతకు మించి సాగిన జతల్లో పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలలలోపే తెగిపోయిన జతల్లో పిల్లలకు తమపై తమకున్న గౌరవం తగ్గింది. అంటే మధ్యలో మాయమయ్యే సేవ కొన్నిసార్లు అసలు రాకపోవడం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. అందుకే వారానికి మూడు పూటలు వస్తానని ఆవేశంగా చెప్పే కొత్తవారికి, వారానికి ఒక పూట, ఏడాదిపాటు, తప్పకుండా రమ్మని నేను సలహా ఇస్తాను. మీరు వారానికి ఒక పూట వెళుతున్నారు కాబట్టి ఇప్పటికే సరైన దారిలో ఉన్నారు. ఉత్సాహం లేని వారం కూడా వెళ్లి, వారి మధ్య కూర్చుని, మీ కాగితం మీద మీరు గీసుకోండి. ఏ కార్యక్రమమూ లేని అలాంటి రోజునే పిల్లలు తమంతట తాము మాట్లాడటం నేను ఎక్కువగా చూశాను.

వారు అలా మాట్లాడతారు కనుక కొన్ని హద్దులు ముందే తెలిసి ఉండాలి. తలుపులు మూసిన గదిలో ఒక్కరితో ఒంటరిగా ఉండకండి. వ్యక్తిగత ఫోన్‌లో విడిగా సందేశాలు పంపకండి. ఎవరైనా తమకు హాని జరుగుతోందని చెబితే, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. శాంతంగా వినండి, చెప్పినందుకు మంచి పని చేశావని అనండి, ఎవరికి తెలియజేయవలసి ఉంటుందో నిజాయితీగా చెప్పండి, అదే రోజు బృందం బాధ్యులకు తెలియజేయండి. విచారణ చేయడం మీ పని కాదు. ఈ స్పష్టత పిల్లలకు రక్షణ ఇస్తుంది, అన్నీ ఒంటరిగా మోయాలనే భారాన్ని మీ మీద నుంచి దించుతుంది కూడా. మీ అలసటలో ఆ భారం పాలు ఎంతో ఒకసారి ఆలోచించండి. మీతోపాటు పనిచేసే మరొక కార్యకర్త ఉంటే, ప్రతి సమావేశం తర్వాత పది నిమిషాలు ఇద్దరూ కూర్చుని ఏం చూశారో చెప్పుకోండి. మీ కంట పడనిది వారి కంట పడి ఉంటుంది, నోటుపుస్తకానికి కావలసిన వాక్యం తరచుగా ఆ మాటల్లోనే దొరుకుతుంది.

ఈ వారం మొదలుపెట్టడానికి ఇవి చాలు: రోజూ పదిహేను నిమిషాల చిన్న బొమ్మ, పుస్తకం మూసి గుర్తుచేసుకునే కొద్దిపాటి భాష, రెండు వాక్యాల రాత. వచ్చే సమావేశానికి ఏ కార్యక్రమమూ సిద్ధం చేయకుండా వెళ్లి, “రాబోయే రెండు నెలల్లో మనం కలిసి ఏం తయారుచేద్దాం?” అని అడగండి. మొదటిసారి మౌనమే ఎదురవుతుందని అనుకోండి; ఇంతకుముందు అడిగి కూడా ఎవరూ పట్టించుకోలేదన్న అనుభవం వారికి ఉండి ఉండవచ్చు. తొందరపడి మీ ఆలోచన వారి ముందు పెట్టకండి. పేరు రాయనక్కరలేని చీటీలు ఇచ్చి, ఆ తర్వాతి వారానికి రాసి తెమ్మనండి, వచ్చిన ప్రతి చీటీని అందరి ముందూ చదవండి, సాధ్యం కానివాటికి కారణం చెప్పండి, సాధ్యమయ్యేవాటిలో ఒకటి వారే ఎంచుకునేలా చూడండి.

ఎప్పుడైనా మీ పరిస్థితులు మారి బృందాన్ని విడిచి వెళ్లవలసి వస్తే, కనీసం ఒక నెల ముందే వారికి నేరుగా చెప్పండి. కారణం వారిలో ఎవరి తప్పూ కాదని స్పష్టంగా తెలియజేయండి, మీ స్థానంలో వచ్చేవారిని ఒకటి రెండు సమావేశాలకు వెంట తీసుకువెళ్లండి, చేతిలో ఉన్న పత్రికో నాటకమో పూర్తయ్యేవరకు ఆగగలిగితే ఆగండి.